టీచర్‌కు దసరా కానుక: చీరా, పండ్లా, పాప రాసిన ఉత్తరమా?

దసరా సెలవులు ఇచ్చే రోజు మా నల్లగొండలో బడులన్నీ పూల వాసనతో నిండిపోతాయి. ఆడపిల్లలు పట్టులంగాలు వేసుకొని తంగేడు, గునుగు, బంతి పూలు సంచుల్లో పట్టుకొని పోతారు. మధ్యాహ్నానికి గ్రౌండ్‌లో బతుకమ్మలు పేర్చి, టీచర్లూ పిల్లలూ కలిసి ఆడతారు. ఆ రోజే చాలామంది తల్లిదండ్రులు పిల్లల చేత టీచర్‌కు ఏదో ఒకటి ఇప్పించాలనుకుంటారు. ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి గడియారం సెంటర్ చుట్టుపక్కల ఫ్యాన్సీ షాపుల్లో ఆ టెన్షన్ అంతా కనిపిస్తుంది. ఏది కొనాలో తెలియదు, షాపులు మూసే టైమవుతుంది, చేతికి అందిన డబ్బాకు రంగు కాగితం చుట్టించుకొని వచ్చేస్తాం.

నేనూ మూడేళ్లు అట్లాగే చేశాను. ఒక ఏడు గోడ గడియారం, ఒక ఏడు కప్పుల సెట్టు, ఇంకో ఏడు ఫొటో ఫ్రేమ్. మా అక్క ఇల్లు మారినప్పుడు సామాన్లు సర్దడానికి పోయాకే నాకు కళ్లు తెరుచుకున్నాయి. అక్క ఇరవై రెండేళ్లుగా మహబూబ్‌నగర్ వైపు సర్కారు బడుల్లో టీచర్. సజ్జ మీది నుంచి దించిన అట్టపెట్టెల్లో గోడ గడియారాలే తొమ్మిది ఉన్నాయి. నాలుగింటికి కాగితం కూడా విప్పలేదు. శాలువాలు పదిహేడు. దేవుడి బొమ్మలున్న షోపీసులు లెక్కపెట్టలేదు. "వీటిని ఎవ్వరికీ ఇయ్యలేను, పారెయ్యలేను. పిల్లల పేర్లు రాసి ఉన్నయ్ కదనే" అన్నది అక్క. ప్రేమతో ఇచ్చిందంతా ఆమెకు మోయలేని బరువైంది.

అప్పటి నుంచి నేను ఏ కానుకనైనా రెండు మాటలతో తూచి చూస్తున్నాను. వాడితే అయిపోయే వస్తువా, లేక ఇంట్లో జాగా అడిగే వస్తువా? టీచర్ దాన్ని బస్సులో పట్టుకొని పోగలుగుతుందా? రెండోది చిన్న విషయం కాదు. మన జిల్లాల్లో పనిచేసే టీచర్లలో చాలామంది హైదరాబాద్ నుంచో, పక్క పట్టణం నుంచో రోజూ అప్ అండ్ డౌన్ చేస్తారు. సెలవులిచ్చిన సాయంత్రం బస్సుల్లో కాలు పెట్టే జాగా ఉండదు. భుజాన ఒక బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, దానికి తోడు పదిహేను మంది ఇచ్చిన పదిహేను కవర్లు. ఆమె స్థానంలో నిలబడి చూస్తే షాపులో సగం వస్తువులు వాటంతటవే పక్కకు పోతాయి.

మూడో మాట కూడా ఒకటి ఉంది. అది నాకు మా పాప నేర్పింది. దాన్ని చీర దగ్గర చెప్తాను.

చీర ఇయ్యాలనుకుంటే

చీర కోసం మనం దూరం పోవాల్సిన పని లేదు. పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే పేరున్న చేనేత చీరలు మూడు రకాలు పుడతాయి: పోచంపల్లి, నారాయణపేట, గద్వాల. మూడింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. అయితే టీచర్‌కు ఇయ్యడానికి మూడూ ఒక్కటి కాదు.

పోచంపల్లిది చిటికి పని. దారానికి ముందే కట్లు కట్టి, రంగుల్లో ముంచి, ఆ తర్వాత మగ్గం ఎక్కిస్తారు. దానికంటే ముందు ఆసు పోయాలి. ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి మేకుల చుట్టూ తిరగాలి. ఆ పనితో తల్లి భుజాలు పడిపోవడం చూడలేక ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశాడు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత కష్టం ఉంది కాబట్టే దీనికి నకిలీలు కూడా ఎక్కువ. మిల్లు గుడ్డ మీద అదే డిజైన్ అచ్చు వేసి పోచంపల్లి అని అమ్ముతారు. ధర అడగకముందే చీరను తిరగేసి చూడండి. నేసిన చీరకు లోపలా బయటా రంగు ఒకేలా ఉంటుంది. అచ్చు వేసిన దానికి వెనకవైపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఇంకో గుర్తు, నేసిన డిజైన్ అంచులు కొద్దిగా చెదిరి, రంగు పక్కకు జరిగినట్టు ఉంటాయి. కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటే అనుమానపడాలి. నేతన్నల సొసైటీ షాపులోనో, రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో షోరూంలోనో చేనేత గుర్తు చూసి తీసుకుంటే ఈ బాధ ఉండదు.

గద్వాల చీర అందం వేరు. నూలు ఒళ్లు, పట్టు అంచు, పట్టు కొంగు. వేరు వేరు దారాలను మగ్గం మీదే కుట్టు నేతతో జత కలుపుతారు. ఒకే చీర రెండు బట్టల్లా కనిపించేది అందుకే. కానీ ధర పెద్దది. టీచర్ దాన్ని పెళ్లికో పేరంటానికో కడుతుంది తప్ప బడికి కట్టుకొని రాదు. ఒక్క కుటుంబం ఇయ్యాల్సిన కానుక కాదది. సర్కారు టీచర్లకు 1964 నాటి ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి, విలువైన కానుకలు తీసుకోవడం మీద వాటిలో ఆంక్షలున్నాయి. ప్రేమతో ఇచ్చినా ఆమెను ఇరుకున పెట్టినవాళ్లమవుతాం.

నన్నడిగితే టీచర్‌కు నారాయణపేట నూలు చీరే సరైనది. చిన్న చిన్న గళ్లు, నిండు రంగు అంచు. మూడింటిలో చేతికందే ధర. ఒంటికి తేలిక, ఇంట్లో ఉతుక్కోవచ్చు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా నిలబడే మనిషికి అదే హాయి. మా అక్క బీరువాలో పిల్లలిచ్చిన నారాయణపేట చీరలు రెండే ఉన్నాయి, రెండూ అంచులు అరిగేదాకా కట్టింది.

రంగు తెలియక తికమకపడితే మీ పిల్లనే అడగండి. "మీ టీచర్ ఎక్కువ ఏ రంగు కట్టుకుంటది?" అంటే టక్కున చెప్తుంది. రోజూ ఆరు గంటలు చూసేది వాళ్లే. ఇంకొక సంగతి, చీర ఇస్తే ఫాల్, పికో, జాకెట్ కుట్టుకూలి ఆమె మీదే పడతాయి. ప్రైవేట్ బడిలో తక్కువ జీతానికి పనిచేసే చిన్న వయసు టీచర్‌కు అది కూడా ఖర్చే. అట్లాంటి వాళ్లు చాలామంది చుడీదార్లే వేసుకుంటారు. వాళ్లకు చీర బదులు చిటికి నేత నూలు చున్నీ ఇయ్యండి. కుట్టించే పని లేదు, సైజు గొడవ లేదు, మడిస్తే హ్యాండ్‌బ్యాగులో పడుతుంది. ఒక్క కుటుంబం తరఫున బట్ట ఇయ్యాలంటే నా ఓటు దానికే.

చీరతో పాటు పసుపు కుంకుమ పెట్టి ఇయ్యడం మన అలవాటు. కాని టీచర్ ఇంటి సంగతి తెలియకుండా పదిమందిలో అది చేయకండి. భర్త పోయిన టీచర్‌కు ఒక తల్లి కుంకుమ భరిణె ఇచ్చి, తెలిశాక ఇద్దరూ తల దించుకున్న రోజును మా అక్క ఇప్పటికీ చెప్పుకొని బాధపడుతుంది. ఉత్త చీర ఇచ్చినా లోటేం ఉండదు.

ఇక ఆ మూడో మాట: మన కానుక వల్ల తరగతిలో ఏ పిల్ల అయినా చిన్నబోతుందా? రెండేళ్ల కింద మా పాప తరగతి వాట్సాప్ గ్రూపులో తలా 500 వేసుకొని టీచర్‌కు పట్టుచీర కొందామని ఒకరు మొదలుపెట్టారు. పేర్లు వరుసగా రాసి, డబ్బు వేసినవాళ్ల పేరు పక్కన టిక్కు పెట్టుకుంటూ పోయారు. 32 మందిలో 27 టిక్కులు పడ్డాయి. మిగిలిన ఐదు పేర్లు మూడు రోజులు అందరి ఫోన్లలో ఖాళీగా కనిపించాయి. అందులో ఒక పాప నాన్న రైసుమిల్లులో హమాలీ. ఆ పాప బతుకమ్మ రోజు బడికే రాలేదు. మా పాప ఇంటికొచ్చి, "వాళ్ల చెల్క కాడ గునుగు పూలు మస్తున్నయంట అమ్మా, సంచి నిండ తెస్తన్నది, రాలె" అన్నది. నేను కూడా 500 వేసి టిక్కు పెట్టించుకున్నదాన్నే. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అందరూ కలిసి కొనడం మంచి పద్ధతే. పదిహేను గడియారాల కంటే ఒక్క చీర ఎన్నో రెట్లు మేలు. పద్ధతి మాత్రం మార్చుకోవాలి. మేం ఇప్పుడు గ్రూపులో పేర్ల పట్టిక పెట్టడం లేదు. నూరు రూపాయలకు మించి ఎవరూ వేయకూడదు, ఎంత తక్కువైనా పర్వాలేదు, వేయకపోయినా అడగం. ఒక్కరే డబ్బు తీసుకుంటారు, ఎవరెంత వేశారో ఇంకెవరికీ చెప్పరు. కార్డు మీద మాత్రం తరగతిలో ఉన్న పిల్లలందరి పేర్లూ ఉంటాయి, పిల్లలే రాస్తారు. ఆ డబ్బుతో నారాయణపేట చీర వచ్చింది, ఇంకా మిగిలితే ఆయమ్మకు ఇచ్చాం.

పండ్లు: సీతాఫలమా, బత్తాయా?

కానుకగా పండ్లు ఇయ్యడం మనవాళ్లకు ఎందుకో తక్కువగా అనిపిస్తుంది. నాకైతే దసరాకు ఇంతకంటే తగినది లేదు. తిని అయిపోతుంది, ఇంట్లో అందరికీ పంచుతారు, ఏ మతం వాళ్లయినా తీసుకుంటారు. మహబూబ్‌నగర్‌లోనూ నల్లగొండలోనూ ముస్లిం టీచర్లు, క్రైస్తవ టీచర్లు చాలామంది ఉన్నారు. దేవుడి బొమ్మ ఇచ్చే ముందు ఆలోచించాలి కాని, పండు ఇచ్చే ముందు ఆలోచించే పని లేదు.

దసరా నాటికి మన దగ్గర సీతాఫలాల కాలం. మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్ పేరు మీదే సీతాఫలంలో ఒక రకం ఉంది. ఈ రోజుల్లో జడ్చర్ల నుంచి హైదరాబాద్ పోయే హైవే మీద గంపలు పెట్టుకొని అమ్ముతారు. ఇందులో తెలుసుకోవాల్సింది ఒకటే. మెత్తబడిన పండు కొనకూడదు. కాయ మీది కళ్లు కొద్దిగా విచ్చి, మధ్యలో గీతలు లేత పసుపుకు తిరిగి ఉండాలి, ఒత్తితే గట్టిగా ఉండాలి. అట్లాంటివి రెండు మూడు రోజుల్లో ఇంట్లోనే మాగుతాయి. పండిన వాటిని సెలవుల రోజు బస్సులో మోయిస్తే దిగేసరికి కవరంతా గుజ్జే. కిందా మీదా కాగితం వేసిన గట్టి అట్టపెట్టెలో ఎనిమిదో పదో పెట్టి ఇయ్యండి. మాగని వాటిని ఫ్రిజ్‌లో పెట్టవద్దని ఒక మాట చెప్పండి, నల్లబడి గట్టిగానే ఉండిపోతాయి.

టీచర్ దూరం పోయేదైతే బత్తాయి మేలు. మన నల్లగొండ తోటల పంట. ఒత్తిడికి తట్టుకుంటుంది, వారం రోజులు బయట పెట్టినా ఆగుతుంది. తొక్క మరీ మెరుస్తూ పచ్చగా ఉన్నవాటికంటే చేతికి బరువుగా, తొక్క పలచగా ఉన్నవాటిలో రసం ఎక్కువ. డజను చాలు, అంతకు మించితే మోత. ఊళ్లోనే ఉండే టీచర్‌కు సీతాఫలం, బస్సెక్కే టీచర్‌కు బత్తాయి. నేను పాటించే లెక్క ఇది. షుగర్ ఉందని తెలిస్తే సీతాఫలం వద్దు.

స్వీట్ షాపు డబ్బాలు పండుగకు అందరిళ్లలో పేరుకుపోతాయి. అవి కొనే బదులు ఇంట్లో చేసినవి కొద్దిగా ఇయ్యండి. సద్దుల బతుకమ్మకు చేసే నువ్వుల సద్ది, పల్లి సద్ది పొడులు, మలీద ముద్దలు పండుగతో కలిసిపోయేవి. కాని మలీద ఆ పూటకే బాగుంటుంది. నాలుగు రోజులు నిలవాలంటే గరిజెలు, మురుకులు, పల్లి పట్టి నయం. పాత మహబూబ్‌నగర్ వైపు పల్లీ పండించే ఇళ్లవాళ్లయితే కొత్త పల్లీలు ఒక కిలో ఉత్తగా ఇచ్చినా టీచర్ సంతోషపడుతుంది. మాకు తెలిసిన ఒక తండ్రి అట్లాగే ఇచ్చాడు. ఆ ఏడు టీచర్ ఇంట్లో పల్లి చట్నీ అంతా ఆ పిల్లగాని పేరు మీదే నడిచింది. స్టీలు డబ్బాలో పెట్టి ఇస్తే తిరిగి ఇయ్యాలన్న బాధ ఉంటుంది, కవర్లోనో కాగితపు డబ్బాలోనో ఇయ్యండి.

సార్లకు ఏమిస్తారు?

సార్లకు అనగానే అందరికీ శాలువా గుర్తొస్తుంది. దయచేసి వద్దు. మన దగ్గర సన్మానం అంటే శాలువా, రిటైర్మెంట్ అంటే శాలువా, జనవరి 26కు శాలువా. మన ఎండలకు దాన్ని కప్పుకునేదెవరు? అదే డబ్బుకు చౌటుప్పల్ దగ్గరి కొయ్యలగూడెం వైపు నేసే నూలు దుప్పటి వస్తుంది. రోజూ పరుచుకుంటారు. షర్టు బిట్టు కూడా అంతే, కుట్టుకూలి బిట్టు ధరను దాటిపోతుంది. మంచి నూలు తువ్వాలలు రెండు ఇచ్చినా నయమే.

మంచి పెన్ను పర్వాలేదు, కాని టీచర్లకు ఎర్ర రీఫిళ్లు ఎక్కువ ఖర్చు. పేపర్లు దిద్దీ దిద్దీ అయిపోతాయి. ఖరీదైన పెన్ను ఒకటి కొనే బదులు, సాఫీగా రాసే ఎర్ర పెన్నులు ఒక డబ్బా కొనివ్వండి. మొక్కల కుండీ బడిలోనే పెట్టేదైతే సరే, సెలవుల్లో ఎవరు నీళ్లు పోస్తారో ముందే అనుకోవాలి. గడియారాలు, కప్పులు, ఫ్రేముల సంగతి చెప్పాను కదా.

డబ్బు కవర్లో పెట్టి టీచర్‌కు ఇయ్యడం నాకు ఇష్టం లేదు. ఎంత మంచి మనసుతో ఇచ్చినా, రేపు మార్కుల దగ్గర ఆమెకూ మనకూ మధ్య అదొక ముల్లులా ఉంటుంది. కాని ఆయమ్మకు, పిల్లల్ని ఎక్కించి దించే ఆటో అన్నకు, సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం వండే అక్కలకు మాత్రం డబ్బే ఇయ్యండి. వాళ్లకు పండుగ ముందు కావలసింది అదే, షోపీసు కాదు. రెండొందలు పెట్టగలిగితే నేనైతే అందులో సగం టీచర్ పండ్లకు, సగం ఆయమ్మ చేతికి పెడతాను.

ఉత్తరం

అక్క ఇంట్లో ఆ అట్టపెట్టెలన్నీ సర్దాక, బీరువా లోపలి అర నుంచి ఒక పాత ప్లాస్టిక్ కవరు తీసింది. దాన్ని మాత్రం వేరే ఎవరి చేతికీ ఇయ్యలేదు, తన హ్యాండ్‌బ్యాగులోనే పెట్టుకున్నది. అందులో అన్నీ కాగితాలే. నోటు పుస్తకంలోంచి చింపినవి, చుక్కల గీతల కాగితాలు, ఒకటి కిరాణా షాపు బిల్లు వెనక రాసింది. నాకు ఒకటి చదివి వినిపించింది: "టీచర్ నాకు బాగారం రాకపోతె మీరు చింతగింజలు తెచ్చి పంచి చూపిచ్చిండ్రు. ఇప్పుడు మా తమ్మునికి నేనె నేర్పిస్తున్న." భాగహారాన్ని బాగారం అని రాసింది ఆ పిల్ల. అక్క ఆ మాట మీద వేలు పెట్టి, "ఇది రాసిన పిల్ల డిగ్రీ చదువుతున్నదిప్పుడు" అన్నది. పదిహేడు శాలువాల్లో ఏది ఎవరిచ్చిందో ఆమెకు గుర్తులేదు. ఆ కవర్లో ఏ కాగితం ఎవరిదో మాత్రం చూడకుండానే చెప్పింది.

అందుకే ఏ కానుక ఎంచుకున్నా, ఏదీ కొనకపోయినా, ఉత్తరం మాత్రం రాయించండి. అయితే దానికీ ఒక పద్ధతుంది. "థాంక్యూ టీచర్, యూ ఆర్ ద బెస్ట్" అని మనం చెప్తుంటే పిల్లలు రాసుకుంటూ పోతే, అన్ని ఉత్తరాలూ ఒక్కలాగే ఉంటాయి. ముందు పిల్లను కూర్చోబెట్టి అడగండి: ఈ ఏడు నీకు రానిది ఏం వచ్చింది? టీచర్ నీకు చేసిన ఏ పని బాగా గుర్తుంది? మా పాపను అడిగితే మొదట "ఏం లేదు" అన్నది. అన్నం తింటూ తింటూ, "నాకు జ్వరమొచ్చిన రోజు మా టీచర్ తన కుర్చీలో కూసోబెట్టింది" అన్నది. అదే రాయి అన్నాను. నాలుగు వాక్యాలు వచ్చాయి, రెండు తప్పులు ఉన్నాయి. దిద్దలేదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీష్ అయితే పిల్లకు ఏది సులువో అందులోనే రాయనివ్వండి. చిన్న తరగతి పిల్లలైతే బొమ్మ వేయించి, వెనక మీరు పేరు, తరగతి, ఏడు రాయండి. పదేళ్ల తర్వాత ఆ కాగితం తీసి చూసుకునేవాళ్లకు అవి కావాలి.

కానుక ఎప్పుడిస్తారన్నది కూడా చూసుకోవాలి. బతుకమ్మ ఆట మధ్యలో, అందరి పిల్లల ముందు వద్దు. పొద్దున బెల్లు కొట్టకముందో, సాయంత్రం గేటు దగ్గరో, ఉత్త చేతులతో వచ్చిన పిల్లలు చూడకుండా ఇయ్యండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టకండి.

టీచర్ మీ ఊళ్లోనే ఉంటే దసరా సాయంత్రం దాకా ఆగినా బాగుంటుంది. జమ్మి మన రాష్ట్ర వృక్షం, దాని ఆకును బంగారం అని చేతిలో పెట్టి కాళ్లు మొక్కడం మన పద్ధతి. పైసా ఖర్చు లేదు, ఏ నియమమూ అడ్డు రాదు. ముందు ఒక ఫోన్ చేసి పోండి, ఐదు నిమిషాలు కూర్చుని వచ్చేయండి, పండుగ పూట ఆమెకూ ఇంటినిండా చుట్టాలుంటారు. పోయిన దసరాకు మా పాప జమ్మి దగ్గర నుంచి టీచర్ ఇంటిదాకా ఆకులను పిడికిట్లో గట్టిగా పట్టుకొని నడిచింది. టీచర్ తలుపు తీసేసరికి అవి చెమటకు తడిసి నలిగిపోయాయి. "నలిగినయ్ టీచర్" అన్నది పాప, ఏడుపు గొంతుతో. టీచర్ ఆ నలిగిన ఆకులనే తీసుకొని కళ్లకద్దుకొని, లోపలికి పోయి దేవుని దగ్గర పెట్టి వచ్చింది.